పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దెంత?

(సంక్రాంతి సెలవులకు ముందు తిరుపతిలో టీచర్లు, తల్లిదండ్రులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినబడుతోందా? మైకు కొంచెం గరగర అంటోంది, ఓర్చుకోండి.

"పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు." ఈ మాట విననివాళ్లు చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. సరే, ఇంకో ప్రశ్న. ఎన్ని పూసలు? ఎంత పొద్దు? చూశారా, దీనికీ ఒక్క చెయ్యి లేవలేదు. ఈ సామెతను మనం పిల్లలకు అప్పజెప్పించాం, నోట్సులో రాయించాం, పరీక్షలో ఖాళీలు పూరించమన్నాం. నిజమో కాదో చూసి రమ్మని మాత్రం పంపలేదు. ఈ పూట నేను చెప్పేదంతా ఆ చూసి రమ్మనడం గురించే.

మరి పూసలతోనే మొదలుపెడదాం. మన తిరుపతిలో డిసెంబరు 21న పగలు దాదాపు 11 గంటల 19 నిమిషాలు. జూన్ 21న 12 గంటల 56 నిమిషాలు. తేడా 1 గంట 37 నిమిషాలు, అంటే 97 నిమిషాలు. పిల్లాడి చేతికి 50 పూసలు, ఒక దారం ఇచ్చి గడియారం చూడండి. పది నిమిషాలు పట్టిందనుకుందాం. 97 నిమిషాల్లో ఎన్ని? 485 పూసలు. అంటే పుష్యమాసం మన దగ్గర కాజేసిన పొద్దు 485 పూసల పొద్దు. మొత్తం పగలు మాయమైపోలేదు, సామెత కాస్త పెంచి చెప్పింది. సామెత అన్నాక పెంచకుండా ఎలా చెబుతుంది? అదే ఢిల్లీలో అయితే ఈ తేడా మూడున్నర గంటలు దాటుతుంది. మనం భూమధ్యరేఖకు దగ్గర, 13 డిగ్రీల చిల్లర మీద ఉన్నాం కాబట్టి మనకు తక్కువ. ఇంత భూగోళం పూసల డబ్బాలోంచి వచ్చింది. ముందు భూగోళం చెప్పి తర్వాత పూసలిస్తే మాత్రం పిల్లలు పూసలు గోడకేసి కొడతారు, అది కూడా చెబుతున్నా.

ఇప్పుడు ఉత్తరాయణం. సంక్రాంతి నాడు సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని చెబుతాం. తిరిగేది నిజంగా ఎప్పుడు? డిసెంబరు 21, 22 తేదీల్లో. మకర రాశిలోకి వచ్చేది జనవరి 14 లేదా 15న. సుమారు 1,700 ఏళ్ల కిందట ఈ రెండూ ఒకే రోజు వచ్చేవి. భూమి ఇరుసు బొంగరం లాగా చాలా నిదానంగా ఊగుతుంది, అందువల్ల సంక్రాంతి దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తర్వాతి తేదీలకు జరుగుతూ వస్తోంది. నమ్మకపోతే వివేకానందుడి పుట్టినరోజు చూడండి. 1863 జనవరి 12. ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు 14 దాటి 15కు వచ్చేస్తోంది. పిల్లలకు ఈ లెక్క చాలా ఇష్టం, ఎందుకంటే వాళ్ల ముని మునిమనవళ్లు పండగ ఏ తేదీన చేసుకుంటారో వాళ్లే చెప్పెయ్యొచ్చు.

సూర్యుడు తిరిగాడని కళ్లారా చూడాలంటే ఒక కర్ర చాలు. నేల మీద సరిగ్గా 100 సెంటీమీటర్లు నిలిచే కర్ర. మిద్దె మీద బకెట్లో ఇసుక పోసి నిలబెట్టండి, ఎత్తు మాత్రం మిద్దె నేల నుంచి కొలవాలి. డిసెంబరు 21 మధ్యాహ్నం దాని నీడ 75 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. సంక్రాంతి నాటికి 70కి తగ్గుతుంది. అయిదు సెంటీమీటర్లు. అంతేనా అంటారు. అంతే. కానీ ఆ అయిదు సెంటీమీటర్లు పట్టుకోవడంలోనే పని ఉంది.

ఏం తప్పు జరుగుతుందో చెబుతా, టీచర్లు రాసుకోండి. మొదటిది, కర్ర ఒరగడం. రెండు డిగ్రీలు ఒరిగితే కొస మూడున్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది, మన అయిదులో మూడున్నర అక్కడే మునిగిపోతుంది. మేస్త్రీలు గోడ చూసుకునే గుండు దారం పక్కన వేలాడదీసి సరిచెయ్యండి. రెండోది, గడియారంలో 12 కొట్టగానే కొలవడం. మనకు నడిమధ్యాహ్నం 12కు రాదు. డిసెంబరు 21న 12:10 ప్రాంతంలో, సంక్రాంతికి 12:21 ప్రాంతంలో వస్తుంది. అందుకని 12:00 నుంచి 12:35 దాకా అయిదు నిమిషాలకొకసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టించండి, అన్నిటికంటే పొట్టి నీడే మధ్యాహ్నపు నీడ. అదే సరిగ్గా ఉత్తరం చూపిస్తుంది, దిక్సూచి అక్కర్లేదు. మూడోది, నీడ కొస మసగ్గా ఉండటం. ఒక సెంటీమీటరు మేర మసక ఉంటుంది. ఒకడు మసక మొదట్లో, ఇంకొకడు మసక చివర్లో కొలిస్తే ఇద్దరూ కొట్టుకుంటారు. కర్ర కొసన చిన్న బెజ్జం పెట్టిన అట్టముక్క అతికించండి. నీడ మధ్యలో వెలుగు చుక్క పడుతుంది, దాని నడుమ కొలవండి. అప్పుడు ఎత్తు కూడా బెజ్జం దాకా 100 ఉండాలి, మరిచిపోకండి.

ఇక్కడ తెలివైన పిల్ల ఒకతి తప్పకుండా అడుగుతుంది. "సార్, సూర్యుడు తిరిగాడంటున్నారు, పగలు పెరుగుతోందంటున్నారు, మరి సంక్రాంతికి ఇంకా లేటుగా తెల్లవారుతోందేం?" ఆ పిల్ల చెప్పింది నిజం! డిసెంబరు 21న మనకు పొద్దుపొడుపు 6:31 ప్రాంతం, సంక్రాంతికి 6:40 దగ్గర. తొమ్మిది నిమిషాలు ఆలస్యం. కానీ పొద్దుగూకడం 5:50 నుంచి 6:03కు పోయింది. పదమూడు వచ్చాయి, తొమ్మిది పోయాయి, మిగిలినవి నాలుగయిదు నిమిషాలు. అదే ఉత్తరాయణం ఇచ్చిన లాభం. మధ్యాహ్నమే 12:10 నుంచి 12:21కి జరిగిందని ఇందాక చెప్పాను కదా, పొద్దుపొడుపునూ పొద్దుగూకడాన్నీ అదే తనతో పాటు లాక్కుపోయింది. ఈ ప్రశ్న వస్తే దయచేసి "నోరు మూసుకుని కూర్చో" అనకండి. ఏడాదంతా ఇలాంటి ప్రశ్న ఇంకోటి రాదు.

సరే, ఎండలోంచి వాకిట్లోకి దిగుదాం. ముగ్గు.

ధనుర్మాసం ముగ్గు అంటే మన వైపు తెల్లవారకముందే కసువు ఊడ్చి, పేడనీళ్లు చల్లి పెట్టేది. ఇప్పుడు సిమెంటు వాకిళ్లు, టైల్సు. వాటి మీద నీళ్లు చల్లాక తళతళ పోయేదాకా ఆగాలి. తడి మెరుస్తుండగా వేస్తే పిండి నీళ్లు పీల్చి గీత ఉబ్బిపోతుంది, పూర్తిగా ఆరాక వేస్తే గాలికి లేచిపోతుంది. చిన్నపిల్లలకు ముగ్గుపిండి బదులు బియ్యప్పిండి ఇవ్వండి. చేతులు నోట్లో పెట్టుకున్నా భయం లేదు, చీమలకు పండగ. పిండి చూపుడువేలు, బొటనవేలి మధ్యనుంచి జారాలి. పిల్లలు గుప్పిట బిగించి పట్టుకుంటారు, అప్పుడు ముద్దలు ముద్దలుగా పడుతుంది. ముందు కాగితం మీద చుక్కలు పెట్టించి, ఆ తర్వాత నేలకు రండి.

చుక్కల లెక్క చూడండి. సందు చుక్కలు పెడితే, నడుమ 7, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గిస్తూ 4 దాకా. మొత్తం ఎన్ని? చెప్పండమ్మా, మీరు రోజూ వేస్తారు కదా. 37. నడుమ 5, చివర 3 అయితే 19. 15 నుంచి 8 దాకా పెడితే 169, అంటే 13 పదమూళ్లు. ఎదురు చుక్కలు 1, 3, 5, 7, 5, 3, 1 అని పెడితే 25. అందులో నడిమి 7 దాకా కూడితే 16, మిగతావి 9. బేసి సంఖ్యలు వరసగా కూడితే వర్గాలు ఎందుకొస్తాయో బోర్డు మీద అరగంట చెప్పేది వాకిట్లో కళ్లకు కనబడుతుంది.

అసలు రుచి మెలికల ముగ్గులో ఉంది. ఇప్పుడు అందరూ కాగితం తీయండి. రెండు వరసలు, వరసకు మూడు చుక్కలు, అంతే. కింది వరసలో ఎడమ చివరి చుక్క కింద మొదలుపెట్టండి. గీత చుక్కల సందుల్లోంచి ఐమూలగా ఎక్కి, పై వరసలో కుడి చివరి చుక్క నెత్తి మీదికి పోవాలి. దాన్ని చుట్టి, ఐమూలగానే దిగి, కింది నడిమి చుక్క కింద వంగండి. అక్కణ్ణుంచి ఎడమకు ఎక్కి పై ఎడమ చుక్కను చుట్టండి. దిగి, కింద కుడి చివరి చుక్కను చుట్టండి. మళ్లీ ఎక్కి పై నడిమి చుక్క నెత్తి మీద వంగి, దిగి, మొదటి చుక్కను ఎడమ పక్కనుంచి చుట్టి బయల్దేరిన చోటికి రండి. వచ్చిందా? చెయ్యి ఎత్తకుండా, ఒక్క గీతతో, ఆరు చుక్కలూ ఇళ్లలోకి వెళ్లిపోయాయి. రానివాళ్లు ఎక్కడో ఒక సందు వదిలేసి ఉంటారు, ఐమూల తప్పి నిలువుగా దిగి ఉంటారు. పక్కవాళ్లది చూడండి, ఫరవాలేదు, ఇది పరీక్ష కాదు.

ఇప్పుడు ఇదే పద్ధతిలో 3 వరసలు, వరసకు 3 చుక్కలు వేసి చూడమనండి. ఒక్క గీతతో పూర్తి కాదు. మూడు గీతలు పడతాయి. 3 వరసలు, 4 చుక్కలు? ఒక్కటే. 4 వరసలు, 6 చుక్కలు? రెండు. 5 వరసలు, 7 చుక్కలు? మళ్లీ ఒక్కటే. ఏముంది ఇందులో? ఆరో తరగతి పిల్లలకు ఈ అంకెలు పట్టికలా రాసిచ్చి వదిలెయ్యండి. వాళ్లే పట్టుకుంటారు. వరసల సంఖ్యకూ చుక్కల సంఖ్యకూ గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. మన అమ్మమ్మలు గ.సా.భా. అనే మాట వినలేదు, కానీ ఏ చుక్కలకు మెలిక ఒక్క గీతలో పూర్తవుతుందో వాళ్ల చేతికి తెలుసు. దయచేసి మీరు ముందే చెప్పెయ్యకండి. ఈ ఆటలో ఉన్న తీపంతా పట్టుకోవడంలోనే ఉంది.

గొబ్బెమ్మల దగ్గరికి వద్దాం. పేడ ముట్టనంటారు ఇప్పటి పిల్లలు. ముట్టకపోతే బలవంతం వద్దు, మట్టితో చేయించండి. ముట్టేవాళ్లకు మాత్రం పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడిగించండి. గొబ్బెమ్మ నెత్తిన పెట్టే గుమ్మడిపువ్వు గురించి ఒక్కమాట. తీపిగుమ్మడి తీగకు రెండు రకాల పూలు. సన్నటి పొడుగాటి కాడ మీద ఉండేది మగపువ్వు. పువ్వు అడుగున గోలీకాయంత బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు. గొబ్బెమ్మకు కోసేది మగపువ్వే. ఎందుకంటే ఆడపువ్వు కోస్తే కాయ పోతుంది, పెరట్లో పెద్దావిడ ఊరుకోదు. మరి మగపూలన్నీ కోసేస్తే? అప్పుడూ కాయ రాదు! పుప్పొడి లేకపోతే ఆ బుల్లి కాయ పసుపుబారి రాలిపోతుంది. అందుకని పది పూలుంటే రెండు మూడు తీగ మీద వదలమనండి. ఈ పూలు తెల్లవారుజామున విచ్చి పొద్దెక్కేసరికి ముడుచుకుంటాయి. తేనెటీగల్ని చూడాలంటే ఏడు గంటల లోపల తీగ దగ్గర ఉండాలి. గొబ్బి తట్టడం, పాటలు, ఇవన్నీ మీకు నేను నేర్పేదేముంది. అన్నమయ్య కూడా గొబ్బి పాట కట్టాడు, అంటే ఈ ఆటకు మన కొండ కింద అయిదువందల ఏళ్లు పైబడిన వయసుంది.

కొండ అంటే గుర్తొచ్చింది. ధనుర్మాసం నెలరోజులూ తిరుమలలో సుప్రభాతం ఉండదు, దాని బదులు తిరుప్పావై. ముప్పై పాశురాలు, రోజుకొకటి. చిన్నపిల్లలకు ఇదే క్యాలెండరు. గోడ మీద ముప్పై గళ్లు గీసి, రోజుకొక గడిలో ఆ పొద్దున చూసింది ఒకటి బొమ్మ వెయ్యమనండి. మంచు, కాకి, హరిదాసు, ఏదైనా సరే. చాలా సులువు, ఎక్కువ చెప్పను.

భోగి. ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడాలి. ఫోన్లలో ఒక మాట తిరుగుతోంది, భోగిమంటలో పిడకలు కాలిస్తే ఆక్సిజన్ పుడుతుందని. పుట్టదు. ఏ మంటైనా ఆక్సిజన్‌ను తింటుంది. చిన్న ప్రమిద వెలిగించి దాని మీద గాజుగ్లాసు బోర్లించండి, కాసేపటికి ఆరిపోతుంది. పిడక ముక్కతో చేసినా అంతే. పండక్కి ఇలాంటి దొంగ సైన్సు అక్కర్లేదు. భోగిమంట పిల్లలకు ఇష్టం, చలి కాచుకుంటాం, పాత సామాను వదిలించుకుంటాం. అది చాలదా? కథను కథగా చెప్పండి, ముచ్చటగా ఉంటుంది. కథకు తెల్లకోటు తొడిగితే రెండూ చెడతాయి.

మంట పేర్చడం కూడా పాఠమే. కట్టెలు దగ్గరదగ్గరగా కుక్కితే గాలి ఆడక పొగ కమ్ముతుంది. గోపురంలా నిలబెట్టి కింద చెయ్యి దూరేంత సందు వదలండి. పచ్చికట్టె వద్దు, దాంట్లో నీళ్లు ఆవిరయ్యేదాకా మంట లేవదు. టైర్లు, ప్లాస్టిక్ అసలే వద్దు, చలి తెల్లవారుజామున పొగ పైకి లేవక వీధిలోనే పడుకుంటుంది, ముసలివాళ్ల ఊపిరికి తగులుతుంది. పిల్లలకు నూలు బట్టలు వెయ్యండి, పట్టులంగా మీద మోజున్నా దాన్ని స్నానం తర్వాతకు ఉంచండి. రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక పక్కన పెట్టుకోండి.

మన వైపు ఆ వేళ పిల్లలు పలకలు కొడతారు. పలక అంటే బడి పలక కాదు, డప్పు. కొత్తగా తిరుపతికి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నా. మంచుకు తోలు తడి పీల్చి వదులవుతుంది, మోత బుస్సుమంటుంది. మంట దగ్గర కాస్త కాచి కొడితే ఖణేల్‌మంటుంది. తోలు బిగిసింది, శబ్దం పైకి పోయింది. ముందు కొట్టించండి, కాచించండి, మళ్లీ కొట్టించండి, ఏం మారిందో వాళ్లనే చెప్పమనండి. ఒక పక్క ప్లాస్టిక్ డప్పు కూడా పెట్టండి, తోలుకొచ్చిన తేడా దానికి రాదు. అది ఎందుకో అడుగుతారు. మరీ దగ్గర పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది, తోలు చిట్లుతుంది, మూర దూరం చాలు.

సాయంత్రం భోగిపండ్లు. రేగిపండ్లు, చెరుకుముక్కలు, చామంతి రేకులు, చిల్లర నాణేలు, నానిన శెనగలు. పోసేది బుజ్జిపిల్లలకు, ప్రమాదమూ వాళ్లకే. రేగివిత్తు, శెనగ, రూపాయి బిళ్ల, మూడూ గొంతుకు అడ్డం పడేవే. నాణేలు లెక్కపెట్టి 21 పోస్తే, లేచేముందు 21 ఏరి చూసుకోండి. ఈ లెక్క అక్కకో అన్నకో అప్పగించండి, ఎంత గర్వంగా చేస్తారో చూడండి. శెనగలు, రేగిపండ్లు పోసిన వెంటనే చీపురుతో ఊడ్చెయ్యండి.

ఇక కనుమ. మన జిల్లా కనుమ వేరే. ఉప్పు, చెట్ల బెరళ్లు కలిపి దంచి గొడ్లకు మింగించే ఉప్పుచెక్క, సాయంత్రం ఊరి బయట వేసే చిట్లాకుప్ప మంట, పశువుల దేవుడు కాటమరాజుకు పొంగలి. చంద్రగిరి పక్క రంగంపేటలో పశువుల పండగ. కొమ్ములకు రంగులు, పలకలు కట్టి వదులుతారు. ఈ పలకలు డప్పులు కావు, బడి పలకలు కూడా కావు, చెక్క పలకలు! పిల్లలకు మిద్దె మీదనుంచే చూపించండి, వీధిలో అరుగు మీద కూడా నిలబెట్టొద్దు. ఉప్పుచెక్కకు ఆకులు, బెరళ్లు కోసుకొచ్చేది తెలిసిన పెద్దవాళ్లు, పిల్లలు పక్కనుండి పేర్లు రాసుకోవాలి, అంతవరకే. అన్ని ఆకులూ ఒకేలా కనిపిస్తాయి, అన్నీ గొడ్డుకు పడవు.

ఆ రోజు మిద్దె మీద ఇంకో పని ఉంది. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అంటాం. కదులుతుందా, కదలదా? ఎవరైనా లెక్కపెట్టారా? మీరు నవ్వుతున్నారు, కానీ పిల్లలకు ఇంతకంటే మంచి పని దొరకదు. పొద్దున ఏడు గంటలకు పది నిమిషాలు, సాయంత్రం అయిదు గంటలకు పది నిమిషాలు. ఒకే చోట కూర్చోవాలి, నెత్తి మీదుగా పోయిన కాకికి ఒక గీత గియ్యాలి. అయిదో గీత అడ్డంగా, కట్టలు కట్టినట్టు. సంక్రాంతి నాడు, కనుమ నాడు, ముక్కనుమ నాడు, మూడు రోజులూ అదే వేళకు. కనుమ ఒక్కరోజే లెక్కపెట్టి తెస్తే ఒప్పుకోకండి, దేనితో పోల్చాలి మరి? వచ్చిన కాకే మళ్లీ వచ్చిందా, ఇంకోటా అని పోట్లాడుకుంటారు. మళ్లీ వచ్చినా గీత గియ్యాల్సిందే, మనం లెక్కపెట్టేది కదలికను. కనుమ నాడు ఇంటింటా మాంసం కడిగే రోజు కాబట్టి, కాకులు తగ్గుతాయని నేనైతే పందెం కాయను.

ఎవరో చీటీ పంపారు. గొబ్బెమ్మల్ని తర్వాత ఏం చెయ్యాలని. పిడకలు తట్టండి. అరంగుళం మందం దాటకూడదు, మందమైతే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది, కాల్చినప్పుడు పొగే. ఈ ఎండకు నాలుగయిదు రోజులు పడుతుంది, రెండో రోజు తిరగెయ్యండి. ఒక్కొక్కదాన్ని ఎండకముందు, ఎండాక తూకం వేయించండి, ఎన్ని నీళ్లు పోయాయో తెలుస్తుంది. ఎండినవి పొడిగా ఉండే చోట గోనెసంచిలో దాచి, రథసప్తమి నాడు వాటి మీద పాలు పొంగించి పరమాన్నం వండండి. ఆ పొద్దున కొండ మీద స్వామి సూర్యప్రభ మీద వస్తాడు, రాత్రి చంద్రప్రభతో కలిపి ఒక్క రోజులో ఏడు వాహనాలు. అప్పటికి బడి తెరిచేసి ఉంటారు కాబట్టి, ఆ కర్ర బకెట్టు మాత్రం మిద్దె మీదనుంచి తియ్యకండి. రథసప్తమి మధ్యాహ్నం నీడ ఇంకెంత తగ్గిందో పిల్లలు వచ్చి చూసుకుంటారు.